తొమ్మిదో ప్రశ్న

నా క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి నేను ఊరికే వదలను. ఇక్కడ పక్కవాడి కాగితంలోకి తొంగిచూసేవాడు అక్కడ గల్ఫ్‌లో ఎవరి కాగితం చూస్తాడు? అందుకే ఆ రోజు వేణును పాతికమంది ముందు నిలబెట్టి దులిపేశాను. ఈ కథలో నేను చేసిన మొదటి తప్పు అదే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. రెండోది తప్పో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

కోరుట్ల బస్టాండు వెనక చెప్పుల దుకాణం మీది గదిలో నా క్లాసు. గల్ఫ్‌కు వెళ్లే హెల్పర్లు, డ్రైవర్లు, క్లీనర్లు నలభై రోజులు వచ్చి, ఇంటర్వ్యూకు సరిపడా ఇంగ్లీషు నేర్చుకుని పోతారు. మాది బుగ్గారం. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన చెట్టు మీద ఉంటే కింద నుంచి అరిచి పిలవడం నా పని. అందుకేనేమో ప్రేమలతకు నోరెక్కువ అని ఊళ్లో పేరు పడింది. ఆ నోటితోనే బతుకుతున్నాను, నాకేం సిగ్గులేదు.

మావాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఒక్కటే పాఠం. రెండు వర్బులు కలిసి వచ్చినప్పుడు రెండోదాన్ని ఏ రూపంలో పెట్టాలి? తెలుగులో ఈ బాధ లేదు, నోటికి అదే వస్తుంది. ఇంగ్లీషులో మొదటి వర్బు ఎలా ఆడిస్తే రెండోది అలా ఆడాలి. "మొదటిది అత్త, రెండోది కోడలు" అని చెప్పేదాన్ని. "వాంట్, డిసైడ్, ట్రై అనే అత్తల ఇంటికి కోడలు టు అనే సారె పట్టుకొని రావాలె. వాంట్ టు గో. స్టాప్, ఫినిష్, అవాయిడ్ అనే అత్తలకు ఇంగ్ అనే జడ లేకుంటే కోడలు నచ్చదు. స్టాప్ గోయింగ్. మేక్, లెట్ ఉన్నయి సూడు, గవ్వి మంచి అత్తలు. ఉన్న బట్టలతోని వచ్చినా రానిస్తరు. లెట్ హిమ్ గో." అందరూ నవ్వేవారు. నవ్వితే గుర్తుంటుంది.

వేణు నవ్వేవాడు కాదు. నా మూతి వైపే చూస్తూ కూర్చునేవాడు. ముప్పయ్యారేళ్లుంటాయి. సిరిసిల్లలో పద్దెనిమిదేళ్లు సాంచాలు నడిపాడు. సాంచాలంటే అక్కడ మరమగ్గాలే. బట్టకు గిరాకీ పడిపోయి షెడ్డు యజమాని సాంచాలను ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశాడు. పని పోయిన వేణు కథలాపూర్‌లో అక్క ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో నా క్లాసుకు వచ్చేవాడు. అందరికంటే ముందొచ్చి మొదటి బెంచీ పట్టుకునేవాడు. ఖాళీలు పూరించమంటే ఇరవైకి ఇరవై. అలాంటి విద్యార్థి నాకు అంతకుముందు దొరకలేదు.

కానీ డిక్టేషన్ చెబుతూ బల్లల మధ్య నడిచినప్పుడు అతని కాగితం ఖాళీగా ఉండేది. నేను ముందుకొచ్చి నిలబడగానే చకచకా రాసేవాడు. నాకు అనుమానం వచ్చింది. ఒకరోజు అతన్ని చివరి బెంచీకి పంపి, గోడవైపు కూర్చోబెట్టి, వెనక తిరుగుతూ ఇరవై వాక్యాలు చెప్పాను. రెండు రాశాడు. అవి కూడా నేను చెప్పినవి కావు.

"ముందు బెంచీల ఇరవై, వెనుక బెంచీల సున్నా. ఇంగ్లీషు నీకొస్తదా, బెంచీకొస్తదా వేణన్నా?" అన్నాను. గది గొల్లున నవ్వింది. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను.

"నేను కాపీ కొట్టలె మేడం" అన్నాడు. అంతే. తల దించుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడో రోజు, పగలు పదకొండు గంటలప్పుడు, కిటికీ అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. చెవులు గింగురుమన్నాయి. చేతిలో చాక్‌పీసు విరిగిపోయింది. అందరూ బెంచీలు దాటుకుంటూ కిటికీ దగ్గరకు ఉరికారు. నేను వెనక్కి తిరిగి చూస్తే వేణు ఒక్కడే వంగి రాసుకుంటున్నాడు. అతని వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. మళ్లీ గట్టిగా పిలిచాను. పెన్ను ఆగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచాడు. కిటికీ దగ్గర గుంపును చూసి, "ఏమైంది మేడం?" అని అడిగాడు.



అందరినీ టీకి పంపి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టాను. నీకు వినపడదని ఎందుకు చెప్పలేదని అడిగితే అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. సాంచాల షెడ్డులో ఎవరికీ మాట వినపడదట. ఆ టకటకలో అందరూ మూతులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారట. ఇంట్లో భార్య ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. తెలుగు మాట పెదాల మీద కనిపిస్తే అతనికి చాలు. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మాటల చివర్లు తెలియలేదు. "ఇంగ్లీషోళ్లు సగం మాట మింగుకుంట మాట్లాడుతరనుకున్న మేడం. గందుకే కష్టమంటరు అనుకున్న" అన్నాడు.

చెవిపోయిన సంగతి చెవిపోయినవాడికే తెలియదు. లేచి అతని వెనక్కు వెళ్లి చప్పట్లు కొట్టాను. కదల్లేదు. ముందుకొచ్చి అదే చప్పట్లు చూపించాను. అతను నా చేతులను చూశాడు, తన చెవులను తడుముకున్నాడు. మొహం తెల్లబోయింది. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. ఆ రోజు అడిగాను.

"గదంత ఏమద్దు మేడం. ఎవ్వలకు చెప్పకుండ్రి, గంతే" అన్నాడు. ఇంటర్వ్యూకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఓడల సరుకు దించే యార్డులో హెల్పర్ పని. "గిది పోతె నాకు ఇంకోటి లేదు. మా షెడ్డు బందైనంక ఇద్దరు మందు తాగిన్రు. మూడోటోన్ని నేనే అయితనేమోనని ఇంటికి పోతె మా అవ్వ నన్ను ఒక్కన్ని పండనిస్తలేదు." పురుగుల మందు గురించి అతను అంత మామూలుగా చెప్పాడు.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం కాదు, పట్టుదల వచ్చింది. నా చేతిలో పడ్డ మంచి విద్యార్థిని చెవుల కారణంగా పోగొట్టుకోవడమా? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నాకు తెలుసు. ఆ కంపెనీ మనిషి నాలుగేళ్లుగా అవే పన్నెండు ప్రశ్నలు మార్చి మార్చి అడుగుతున్నాడు. ఇంటర్వ్యూ గదిలోనే మూలన ఒక బల్ల వేసి, సర్టిఫికెట్లు సరిచూసే పని నాకూ ఏజెంటు గుమాస్తాకూ ఇస్తారు. కంపెనీ మనిషి వీపు మా వైపు, అభ్యర్థి మొహం మా వైపు ఉంటుంది. ఇంకేం కావాలి?

వేణు నాకు షెడ్డు సైగలు నేర్పాడు. పోగు తెగిందంటే ఒక వేలు, నూలు చుట్టిన కండె అయిపోయిందంటే పిడికిలి, సాంచా ఆపమంటే అరచెయ్యి. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలకు కూడా వాళ్లకు సైగలున్నాయి. ప్రశ్న నంబరు నేను చేత్తో చూపిస్తే జవాబు అతను నోటితో చెప్పాలి. ఎక్కడైనా తడబడితే టుకు చాచిన వేలు, ఇంగ్‌కు వంచిన వేలు, ఏమీ అక్కర్లేదంటే పిడికిలి. ఎనిమిది రోజులు మధ్యాహ్నం తిండి మానేసి సాధన చేశాం. అతని చేతులు నా నోటికంటే వేగంగా మాట్లాడేవి.

అన్నిటికంటే నాకు గర్వం తొమ్మిదో జవాబు మీద. వెనక నుంచి బండి హారన్ వినిపిస్తే ఏం చేస్తావన్నది ఆ ప్రశ్న. దానికి నేను కట్టిన వాక్యం ఇది: ఐ స్టాప్ మూవింగ్, లెట్ ది వెహికల్ పాస్, అండ్ ట్రై టు స్టాండ్ ఎట్ ది సైడ్. మూడు రకాల అత్తలు, ముగ్గురు కోడళ్లు, ఒక్క జవాబులో. వేణు దాన్ని గడగడా చెబుతుంటే నాకు ముచ్చటేసేది. జవాబు అంత అందంగా కుదిరాక ప్రశ్న ఏం అడుగుతోందో నేను మళ్లీ ఆలోచించలేదు. ఎంత చదివితే ఏం లాభం!

జగిత్యాలలో ఒక లాడ్జి హాలులో ఇంటర్వ్యూ పెట్టారు. పొద్దున తొమ్మిదింటికే మెట్ల మీద వందమంది. గొల్లపల్లి నుంచి, కథలాపూర్ నుంచి వచ్చినవాళ్లు ఇస్త్రీ చొక్కాలు నలగకుండా నిలబడే ఉన్నారు. వేణు నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయాడు. నేను మూల బల్ల దగ్గర కూర్చున్నాను. పట్టుబడితే నా క్లాసు మూసుకోవాలి, అది సరే. అతను ఏమవుతాడన్నదే నా భయం.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వేణు వంతు వచ్చింది. కంపెనీ మనిషికి మీసాలు పెదాలను కప్పేశాయి. పైగా కాగితాల్లోకి చూస్తూ మాట్లాడే అలవాటు. ఆ మూతిలో వేణుకు ఏమీ కనిపించదు. పాత పని ఎందుకు మానేశావని మొదటి ప్రశ్న అడిగాడు. అది జాబితాలో నాలుగోది. చెంప కింద నాలుగు చూపించాను.

"ది ఓనర్ డిసైడెడ్ టు సెల్ ది లూమ్స్, సర్. సో ఐ స్టాప్డ్ వీవింగ్" అన్నాడు వేణు.

కంపెనీ మనిషి తల ఎత్తి చూశాడు. హెల్పర్ పనికి వచ్చినవాళ్లలో పొద్దుట్నుంచి అంత శుభ్రమైన వాక్యం ఆయనకు దొరకలేదు. రాత్రి డ్యూటీ చేస్తావా అని అడిగాడు. ఏడు చూపించాను.

"ఐ డోంట్ మైండ్ వర్కింగ్ ఎట్ నైట్, సర్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పని అయిపోయిందని నాకు అర్థమైంది. ఇంకొక ప్రశ్న, ఒక సంతకం, అంతే. నా పక్కన కూర్చున్న గుమాస్తా మైసయ్య కూడా పసిగట్టి, ఎంపికైనవాళ్ల కాగితం ముందుకు లాగాడు. ఆవలిస్తూ మెల్లగా అన్నాడు. "నీ శిష్యుడు అదృష్టవంతుడు మేడం. గిప్పటిదాక పది పోస్టులే. నిన్న రాత్రి ఫోనొచ్చింది, పదకొండు చేసిన్రు."

"ఎందుకు?"

"యార్డుల ఒకడు బండి కింద వడి సచ్చిండట. వెనుక నుంచి హారన్ కొట్టిన్రట, జరగలేదట."

అదే క్షణాన కంపెనీ మనిషి అడిగాడు. వెనక హారన్ వినిపిస్తే ఏం చేస్తావు? తొమ్మిది.

వేణు కళ్లు నా చేతి మీద ఉన్నాయి. చెయ్యి చెంప దగ్గరే ఉంది. అయిదు వేళ్లు తెరిచి, మళ్లీ నాలుగు మడిస్తే తొమ్మిది. ఎనిమిది రోజులుగా వందసార్లు చేసిన సైగ. చెయ్యి లేవలేదని చెబితే అబద్ధం, నేనే దించాను. బల్ల కింద ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

కంపెనీ మనిషి మళ్లీ అడిగాడు. వేణు నా మొహం చూశాడు, మళ్లీ నా చేతి కోసం వెతికాడు. పోగు తెగినప్పుడు సాంచా చుట్టూ చూసే చూపు అది. ఆ చూపును నేను తట్టుకోలేక కాగితాల్లోకి తల వంచాను.

"ఐ వాంట్ టు వర్క్, సర్" అన్నాడు వేణు.

మూడోసారి కాస్త గట్టిగా అడిగాడు ఆయన.

"ఐ వాంట్ టు వర్క్, సర్. ప్లీజ్ లెట్ మి వర్క్."

ఒక్క తప్పు లేదు. కంపెనీ మనిషి పెన్నుతో తన చెవిని తాకి ఏదో అడిగాడు. వేణుకు ఆ సైగ అర్థమైంది. లేచి నమస్కారం పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

సర్టిఫికెట్లు మైసయ్య మీద పడేసి నేను మెట్లు దిగి పరుగెత్తాను. వందమందిలో అతను కనిపించలేదు. ఆ నాలుగు నిమిషాలు నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. చివరికి బస్టాండులో, సిరిసిల్ల వైపు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కనిపించాడు. నాకు కోరుట్ల బస్సు ఎక్కాల్సిన పని ఉంది, క్లాసు ఉంది. నేను అతని పక్కన కూర్చున్నాను. ఇంటికి చేర్చేదాకా వదలనని గట్టిగా అనుకున్నాను.

ఊరు దాటాక అతనే అడిగాడు. "తొమ్మిదో నంబరే కద మేడం?"

"అవును."

"ముందుగాల్నే అనుకున్న. జవాబు నోట్లెనే ఉండె. మీరు చూపెట్టలేదు గద, వేరేది అడిగిండేమో, తప్పు చెప్తనేమోనని..." అని ఆగిపోయాడు. "ఎందుకు చూపెట్టలె?"

బస్సు కుదుపుల్లో మొహం అతనివైపు తిప్పి, పెదాలు విప్పి, మైసయ్య మాట మొత్తం చెప్పాను. అతను కోపం లేకుండానే అన్నాడు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"గా సచ్చినాయన చెవులు మంచిగనే ఉండెనేమో మేడం. చెవులున్నోడు హారన్ మీద భరోస పెట్టుకుంటడు. నేనైతే గడియ గడియకు ఎనుకకు సూసుకుందును. నన్నొక్క మాట అడుగకపోతిరి."

అడగలేదు. ఎనిమిది రోజులు అతనికి నోరుగా, చెవిగా ఉండి, చివరికి అతని తలకాయ కూడా నాదే అనుకున్నాను. అతను చెప్పిందీ నిజం కావచ్చు. కానీ నేను ఆ చెయ్యి ఎత్తి ఉంటే ఫోను మోగినప్పుడల్లా చచ్చేదాన్ని. ఇదంతా బస్సులో అతనికి చెప్పలేకపోయాను.

సాయంత్రం నాలుగింటికి సిరిసిల్లలో వాళ్ల ఇల్లు చేరాం. గుమ్మంలో అతని భార్య భాగ్యశ్రీ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల్లి సత్యవ్వ గోడకానుకుని కూర్చుని ఉంది. కొడుకు మొహం చూడగానే ముసలామె లేచి అతని చెయ్యి పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. భాగ్యశ్రీ మాత్రం నన్ను చూసింది. వేణు తప్పేం లేదని, జవాబు అందకుండా చేసింది నేనేనని చెప్పాను. చెవుడు సంగతి, యార్డులో చచ్చిపోయిన మనిషి సంగతి, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చెవుడా?" అంది ఆమె. బీడీ చుట్టే వేళ్లు ఆగలేదు. "గిది చెవుడైతె మా వాడకట్టు మొత్తం చెవుడే మేడం. గీడ మొగోళ్లందరు గిట్లనే ఉంటరు. మేం గట్టిగనే మాట్లాడుతం."

"యార్డుల పనికి పోతె పానం పోతుండెనమ్మా" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. భర్త గడ్డం పట్టుకుని మొహాన్ని తన వైపు తిప్పుకుంది. "రేపు భీవండి బస్సుకు పో. మా మేనమామ కొడుకు ఆడ సాంచాలు నడుపుతండు. ఆడ ఎవ్వలు ప్రశ్నలు అడుగరు" అంది. వేణు ఆమె పెదాలు చూశాడు. సరేనని తల ఊపాడు.

నేను ఆగలేకపోయాను. "మళ్ల గా చప్పుడులకేనా? ఉన్న గింత వినికిడి గూడ పోతది భాగ్యశ్రీ. గా చప్పుడే గద ఈయనను గిట్ల చేసింది."

భాగ్యశ్రీ మొదటిసారి నా కళ్లలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"చప్పుడు ఎవ్వల్ని సంపలేదు మేడం. సాంచాలు నడిసినన్ని దినాలు మా వాడల ఒక్కడు సావలె. చప్పుడు బందైనంకనే మందు తాగిన్రు."

గుమ్మంలో నిలబడి ఆ వీధిని విన్నాను. ఒక్క సాంచా కూడా నడవడం లేదు. ఎక్కడో ఎవరో బిందె దించిన శబ్దం, దూరంగా ఒక కుక్క. సత్యవ్వ ఇంకా కొడుకు చెయ్యి పట్టుకునే ఉంది. నేను వేణు ఎదురుగా వెళ్లి నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ, జాగ్రత్తగా పోయి రమ్మని చెప్పాను. అతను సరేనన్నాడు.